ఉద్యోగములో ఆత్మవిశ్వాసము: పట్టభద్రులైన మా పూర్వవిద్యార్థులకు

మా పాఠశాల వార్షికోత్సవమునకు పూర్వవిద్యార్థులు వచ్చుట చిరకాలముగా ఆచారమైనది. వారిలో కొందరు బెంగళూరులో ఉద్యోగము చేయుచున్నారు. కొందరు తుమకూరులోను, హిందూపురములోను ఉన్నారు. కొందరు మన తాలూకాలోనే పనిచేయుచున్నారు. వచ్చిన వారిని వేదిక మీదికి పిలిచి, చిన్నపిల్లలకు రెండు మంచిమాటలు చెప్పుడని మేము కోరుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్లే ఒక యువకుని పిలిచితిమి. అతడు ఇంజనీరింగు పట్టభద్రుడు. బెంగళూరులో ఒక కంపెనీలో ఉద్యోగి. మా యొద్ద చదివినప్పుడు లెక్కలలో అతనిని మించినవాడు ఆ తరగతిలో లేడు. అతడు వేదికనెక్కి, అందరికిని నమస్కరించి, నాలుగు మాటలైనను పూర్తి చేయక దిగిపోయెను.

సభ ముగిసిన పిమ్మట మా గదికి వచ్చి కూర్చుండెను. చాలసేపు ఊరకుండి, "సార్, నాకు పని వస్తుంది, మాట రాదు. మీటింగులో నన్నేమైనా అడుగుతారేమోనని పొద్దున్నుంచీ కడుపులో తిప్పుతుంది" అనెను. జేబులోనుండి మడతపెట్టిన కాగితమొకటి తీసి మాకు చూపెను. అది రాజీనామాపత్రము. తేదీ మాత్రము వేయలేదు.

అతని తండ్రి తిరుమణి వైపు చిన్న రైతు. వర్షము నమ్మి వేరుసెనగ వేసి, పంట చేతికి రాని సంవత్సరములనే ఎక్కువగా చూచినవాడు. సౌరవిద్యుత్ క్షేత్రమునకు భూమిని కౌలుకిచ్చి, ఆ కౌలు సొమ్ముతో కుమారుని చదివించెను. ఇప్పుడా కుమారుడు ఉద్యోగము వదలి ఊరికి వచ్చినచో దున్నుటకు భూమియు లేదు. అందుచేత ఆ కాగితము ఒక్క యువకుని రాజీనామా మాత్రమే కాదు.

ఆనాడు మేము అతనితో "ధైర్యముగా ఉండు నాయనా" అంటిమి. అది సమాధానము కాదని అనుచుండగనే మాకు తెలిసినది. దాహముతో వచ్చినవానితో నీరు త్రాగుమనుట వంటిది ఆ మాట. నీరెక్కడ నున్నదో చూపవలెను గదా! ఈ వ్యాసము ఆ యువకునకు మేము ఆలస్యముగా వ్రాయుచున్న సమాధానము. అతని వంటివారు మన తాలూకాలో చాలమంది యున్నారు గనుక దీనిని పత్రికాముఖమున వ్రాయుచున్నాము.

మేము పట్టభద్రులము కాము. ఇంటర్మీడియెట్ వరకు చదివి, ఉపాధ్యాయశిక్షణ పొంది, ఈ వృత్తిలో ప్రవేశించితిమి. పట్టభద్రులకు పాఠము చెప్పుటకు మాకున్న అర్హత యేమని ఎవరైనను అడుగవచ్చును. పిల్లలను పలక పట్టినప్పటినుండి ఉద్యోగములో చేరువరకు చూచిన అనుభవమొక్కటే మా అర్హత. ఆ విషయమై చేసిన తప్పొకటి కూడ మాకు కలదు. దానిని ముందు చెప్పుదుము.

1. మన తాలూకా పరిస్థితి

పావగడ తాలూకా పటమును చూచినవారికి దాని విచిత్రస్థితి తెలియును. తుమకూరు జిల్లాకు చెందినదైనను, ఎక్కువ వైపుల ఆంధ్రప్రదేశమే దీనిని చుట్టియున్నది. మడకశిర, హిందూపురము, కల్యాణదుర్గము మనకు ఇరుగుపొరుగులు. ఇండ్లలో తెలుగు, కచేరీలలో కన్నడము, పెద్ద కంపెనీలలో ఇంగ్లీషు. మన పిల్లవాడు ఉద్యోగములో చేరునాటికి ఈ మూడింటి నడుమ నడువవలెను.

ఇది కరువు సీమ. 2018 మార్చి 1వ తేదీన ఇక్కడి సౌరవిద్యుత్ క్షేత్రము ప్రారంభమైనది. తిరుమణి మొదలుగాగల అయిదు గ్రామముల పరిధిలో దాదాపు 13,000 ఎకరములలో అది విస్తరించినది. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల శక్తి గలదైనది. భూమిని కొనక, రైతులయొద్ద కౌలుకు తీసికొనుట ఇందలి విశేషము. మొదట ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలని, రెండేండ్లకొకసారి నూటికి 5 వంతున పెంచవలెనని నిర్ణయించిరి. ఆ సొమ్ము అనేక కుటుంబములలో పిల్లల చదువునకు అక్కరకు వచ్చినది. కాని ఫలకములు కడుగుట, గడ్డి కోయుట, కాపలా కాయుట వంటి పనులు దొరకినంతగా పట్టభద్రులకు తగిన పనులు అక్కడ దొరకలేదు. కనుక చదువుకొన్నవారు బయటి ఊళ్ళకు పోవక తప్పదు.

ఇట్లు పోవువారిలో చాలమంది తమ వంశమున మొదటి పట్టభద్రులు. కార్యాలయమున ఎట్లు మాటలాడవలెనో, పైయధికారి కోపపడినప్పుడు ఏమి చేయవలెనో ఇంటిలో చెప్పగలవారు లేరు. తండ్రికి తెలిసినది పొలము, తల్లికి తెలిసినది పాడి. పరీక్షలో మార్కులు తెచ్చుకొనిన నేర్పు ఒక్కటే వారి చేతిలోని పెట్టుబడి. ఉద్యోగములో ప్రశ్నపత్రము ముందుగా అచ్చుపడి రాదు. అక్కడనే వారి కాలు తడబడుచున్నది.

2. ఆత్మవిశ్వాసమనగా నేమి?

ఆత్మవిశ్వాసమనగా గట్టిగా మాటలాడుట యని చాలమంది తలంతురు. కొందరు మంచి దుస్తులు ధరించి నిటారుగా నడచుట యందురు. ఇవి దాని నీడలు మాత్రమే. "ఈ పనిని నేను చేయగలను" అని ఒక నిర్దిష్టమైన పనిని గూర్చి మనకుండు నమ్మకమే ఆత్మవిశ్వాసము.

నిర్దిష్టమైన పని అనుమాట ముఖ్యము. మన రైతు వేరుసెనగ చెట్టును పెరికి, కాయను వ్రేళ్ళతో నొక్కి, ఇంకెన్ని దినములకు పీకవచ్చునో చెప్పును. ఆ క్షణమున అతనికి సందేహము లేదు. ఆ రైతే బ్యాంకులో కాగితము నింపవలసి వచ్చినచో చేయి వణకును. అతడు ధైర్యవంతుడా, పిరికివాడా? రెండును కాడు. ఒక పనిలో అనుభవము కలదు, మరియొక దానిలో లేదు, అంతియే. కనుక "నేను స్వభావముచేతనే పిరికివాడను" అని ఏ యువకుడును తనపై తాను తీర్పు వ్రాసికొనరాదు.

ఈ సత్యమును శాస్త్రీయముగా పరిశీలించినవాడు ఆల్బర్ట్ బందూరా. ఇతడు 1925లో కెనడా దేశమున మండేర్ అను చిన్నయూరిలో జన్మించెను. తల్లిదండ్రులు బడిచదువు లేనివారు. ఆ యూరికి ఉన్నది ఒక్క పాఠశాల. పై తరగతులకన్నిటికిని ఇద్దరే ఉపాధ్యాయులు. పిల్లలు చాలవరకు తమంతట తాము చదువుకొనవలసి వచ్చెడిది. అట్టి బడినుండి వచ్చిన బందూరా అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1977లో ఈ విషయమున ప్రసిద్ధమైన సిద్ధాంతమును ప్రకటించెను. 2021లో మరణించెను. పనిని గూర్చిన విశ్వాసము నాలుగు మార్గములలో కలుగునని అతడు చెప్పెను. తాను పనిని చేసి ముగించుట మొదటిది. తనవంటివాడు చేయుచుండగా చూచుట రెండవది. నమ్మదగినవారి మాట మూడవది. తన శరీరమున, మనస్సున కలుగు మార్పులను సరిగా గ్రహించుట నాలుగవది. వీనిలో మొదటిదే అన్నిటికంటె బలమైనదని అతని అభిప్రాయము. మన యనుభవముతో సరిచూచుకొనుచు ఒక్కొక్కదానిని పరిశీలింతము.

3. పని ముగించుట

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు వినని విద్యార్థి మన రాష్ట్రమున నుండడు. వారి పూర్వులు ఆంధ్రదేశమునందలి మోక్షగుండమునుండి మైసూరు సీమకు వలస వచ్చిరి. ఇంట తెలుగు మాటలాడు కుటుంబము. వారు జన్మించినది చిక్కబళ్ళాపురము సమీపమునందలి ముద్దేనహళ్ళి. బెంగళూరులో పిల్లలకు పాఠములు చెప్పి ఆ సంపాదనతో చదువుకొని, 1881లో బి.ఏ. పట్టమును, పిదప పూనాలో ఇంజనీరింగు పట్టమును పొందిరి. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరిరి.

ఆ తొలిదినములలోనే ఖాందేశ్ ప్రాంతమున ఒక పని వారికప్పగింపబడెను. నీటికాలువ ఏటిని దాటుటకై, ఏటి అడుగున గొట్టములు వేయించుట ఆ పని. వానలు పట్టినవి, ఏరు పొంగినది, పని సాగలేదు. వానలు వెలిసినదాక ఆగుటకు అనుమతి కోరుచు ఆ యువకుడు పైయధికారికి వ్రాసెను. అధికారి ఆ కోరికను మెచ్చక కటువుగా బదులు వ్రాసెను. మనస్సు నొచ్చుకొనినను ఆయన పనిని వదలలేదు. వానలలోనే మరల పూనుకొని ముగించెను. పిమ్మట ఆ యధికారియే ఆయనను మెచ్చుకొనెను. ఈ సంగతిని విశ్వేశ్వరయ్యగారే తమ వృత్తిజీవిత స్మృతులలో చెప్పియున్నారు.

మనము ఆయనను కృష్ణరాజసాగరము వలన ఎరుగుదుము; 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఎరుగుదుము. కాని ఉద్యోగజీవితారంభమున ఆయనయు "ఇప్పుడు చేయలేను" అని వ్రాసిన యువకుడే. మొదట ఒక యేటి అడుగున గొట్టములు. తరువాత 1903లో ఖడక్‌వాస్లా జలాశయమునకు తానే రూపొందించిన స్వయంచాలక తలుపులు. ఆ పిమ్మట కావేరీ నదికి ఆనకట్ట. మెట్టు తరువాత మెట్టు. క్రింది మెట్టు ఎక్కినవానికి పై మెట్టు భయము కలిగింపదు.

యువోద్యోగులు దీనినుండి గ్రహింపవలసినది యేమి? పెద్ద పని చేతికి వచ్చువరకు వేచియుండరాదు. చిన్నదైనను తమకిచ్చిన పనిని ఇతరులు మరల ముట్టనక్కరలేనంతగా ముగింపవలెను. సగము చేసిన పది పనులు సందేహమును పెంచును. పూర్తిచేసిన ఒక్క పని విశ్వాసమును పెంచును. ఇందుకై ఒక పుస్తకము పెట్టుకొనుడు. అప్పగించిన పని, దానిని ముగించిన విధము, అందువలన నేర్చినది, ఈ మూడింటిని వారమునకొకసారి వ్రాసికొనుడు. ఆరుమాసములైన పిమ్మట "నాకేమియు రాదు" అని మనస్సు చెప్పినప్పుడు ఆ పుస్తకము విప్పి చూడుడు. మనస్సు మరచును; కాగితము మరువదు.

4. తనవంటివారిని చూచుట

విశ్వేశ్వరయ్యగారిని చూచి ఆశ్చర్యపడుదుము. కాని ఆశ్చర్యము వేరు, "నేనును చేయగలను" అను నమ్మకము వేరు. మన వీధివాడు, మన బడిలో మనతో పాటు నేలపై కూర్చుండి చదివినవాడు ఒక పని చేసినప్పుడే ఆ నమ్మకము ఎక్కువగా కలుగును.

మా పూర్వవిద్యార్థిని యొకతె బ్యాంకులో ఉద్యోగి. చేరిన క్రొత్తలో ప్రతి దినము, "వీళ్ళు పొరపాటున నన్ను తీసుకొన్నారేమో, ఎప్పుడో తెలిసిపోతుంది" అని అనుకొనెడిదాననని మాతో చెప్పినది. పరీక్ష వ్రాసి ఆమె తెచ్చుకొనిన ఉద్యోగమది. ఎవరి దయయు కాదు. ఇట్టి భావమును 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు వర్ణించిరి. గొప్ప యోగ్యతలు గల స్త్రీలు పలువురు తమ విజయము తమ యోగ్యతవలన వచ్చినది కాదని, ఏనాటికైనను తమ డొల్లతనము బయటపడునని లోలోపల భయపడుచుండుట వారు గమనించిరి. పురుషులకును ఈ భయము కలదని తరువాతి పరిశీలనలు తెలిపినవి.

మా విద్యార్థిని ఆ భయమునుండి ఎట్లు బయటపడెను? అదే శాఖలో పదేండ్లుగా పనిచేయుచున్న మరియొక స్త్రీ పల్లెనుండి వచ్చినదని తెలిసి, ఆమె ప్రక్కన కూర్చుండి భోజనము చేయుట మొదలుపెట్టెను. ఒకనాడు ఆమె నవ్వుచు, తానును మొదటి సంవత్సరమంతయు ఇట్లే భయపడితినని చెప్పెను. ఆ ఒక్క మాట, వంద ఉపన్యాసములు చేయని మేలు చేసినది. కనుక ముందు వెళ్ళినవారు తమ విజయములతోపాటు తమ తొలినాటి తడబాటులను కూడ తమ్ములకు, చెల్లెండ్రకు చెప్పవలెను. వార్షికోత్సవమునకు వచ్చు పూర్వవిద్యార్థులను మేము కోరునది ఇదియే.

5. పెద్దల మాట

ఇక మా తప్పు చెప్పుకొనవలసిన సమయము వచ్చినది.

మా పాఠశాలలో ఒక యువతి ఉపాధ్యాయినిగా చేరెను. ఆమె పట్టభద్రురాలు, ఉపాధ్యాయశిక్షణలోను పట్టము పొందినది. ఒకనాడు విద్యాశాఖకు కన్నడమున పంపవలసిన జాబును వ్రాయుటకు ఆమెకిచ్చితిమి. ఆమె తెలుగు మాధ్యమమున చదివినది. జాబులో రెండుచోట్ల అక్షరదోషములు పడినవి. ఉపాధ్యాయులందరును ఉండగా మేము ఆ కాగితమెత్తి చూపి, "డిగ్రీ చదివి రాసేది ఇదేనా అమ్మా?" అంటిమి. కొందరు నవ్విరి. ఆమె తల వంచుకొని కాగితము తీసికొని పోయెను.

ఆ పిమ్మట ఆ సంవత్సరమంతయు ఉపాధ్యాయుల సమావేశములలో ఆమె నోరు విప్పలేదు. పిల్లలచేత విజ్ఞానప్రదర్శనము చేయింపవలెనని అంతకుముందు చెప్పిన ఆలోచనను మరల యెత్తలేదు. పాఠము మాత్రము శ్రద్ధగా చెప్పుచుండెను. మేము చాలకాలము దీనిని వినయమనుకొంటిమి. అది వినయము కాదు, మేము చేసిన గాయము. ఇంటర్మీడియెట్ చదివిన ప్రధానోపాధ్యాయునకు పట్టభద్రురాలైన సహాయురాలిని చూచి లోపల కొంత జంకు కలదనియు, ఆనాటి మాటలో ఆ జంకే పలికినదనియు ఈనాడు ఒప్పుకొనుచున్నాము. పెద్దలలో ఆత్మవిశ్వాసము తక్కువైనప్పుడు చిన్నవారి ఆత్మవిశ్వాసమును త్రుంచి తమ లోటు పూడ్చుకొందురు. అనేక కార్యాలయములలో జరుగుచున్నదిదియే.

మరుసటి సంవత్సరము ఆమెను పిలిచి, జాబు విషయమున మేము అన్నమాట తప్పని చెప్పితిమి. విజ్ఞానప్రదర్శన భారమంతయు ఆమెకే అప్పగించితిమి. నడుమ రెండు పొరపాట్లు జరిగినవి. వానిని ఆమెతో విడిగా మాటలాడితిమి. ప్రదర్శనము ముగిసిన పిమ్మట, "బాగున్నది" అని ఊరకనక, ఏ పిల్లవానికి ఏ పని అప్పగించుటలో ఆమె నేర్పు కనబడినదో అందరి యెదుట చెప్పితిమి. ఇప్పుడు సమావేశములలో మాతో విభేదించుటకు మొదట చేయి యెత్తునది ఆమెయే. అది మాకెంతయో సంతోషము.

కనుక మూడవ మార్గమును గూర్చి మేము నేర్చిన సూత్రములు మూడు. తప్పును ఏకాంతమున చెప్పవలెను. మెప్పును కారణముతో చెప్పవలెను. మాటతో ఆగక, ఆ మాటను నిజము చేసికొనుటకు తగిన పనిని కూడ ఇయ్యవలెను. పని ఇయ్యక "నీవు చేయగలవు" అనుట ఎండిన బావిలో బొక్కెన వేయుట.

6. గుండె దడ

నాలుగవది శరీరమునకు సంబంధించినది. నలుగురిలో లేచి మాటలాడవలసివచ్చినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, నోరు ఎండును. ఆ యువకుడు దీనిని "నేను అయోగ్యుడను" అనుటకు సాక్ష్యముగా తీసికొనెను. కాని పరుగుపందెమున గీత దగ్గర నిలిచిన బాలునకును గుండె అట్లే కొట్టుకొనును. దానిని అతడు భయమనడు, సిద్ధముగా ఉన్నాననును. శరీరము చెప్పునది ఒక్కటే. అర్థము చెప్పుకొనుట మన చేతిలో నున్నది.

ఈ దడను తగ్గించు సులభోపాయములు కొన్ని కలవు. ముందురాత్రి తగినంత నిద్రపోవలెను. ఉదయము ఏదైన తిని వెళ్ళవలెను. మాటలాడుటకు ముందు నెమ్మదిగా శ్వాసను విడువవలెను. మొదటి వాక్యమును మాత్రము నోటికి వచ్చునట్లు సిద్ధపరచుకొనవలెను. మొదటి వాక్యము దాటినవానికి రెండవది దారి చూపును.

7. మూడు భాషల చిక్కు

మన యువకుల విషయమున పై నాలుగింటితోపాటు భాషను గూర్చియు చెప్పవలసియున్నది. మా యువకుడు "మాట రాదు" అన్నప్పుడు ఏమి జరుగుచున్నదో విచారించితిమి. అతడు మొదట తెలుగున ఆలోచించును. దానిని మనస్సులోనే ఇంగ్లీషు చేయును. వ్యాకరణము సరియేనా యని మరల పరీక్షించును. ఇంతలో సభ వేరు విషయమునకు పోవును. అతనికి జ్ఞానము లేక కాదు, కాలము చాలక మౌనము. ఎదుటివారు దానిని అజ్ఞానమనుకొందురు. క్రమముగా అతడును అట్లే అనుకొనును.

మాతృభాషలో ప్రాథమికవిద్య నేర్చుట దీనికి కారణమని కొందరందురు. మేము ఒప్పుకొనము. భాషాల్పసంఖ్యాకవర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించుటకు వసతులు కల్పింపవలెనని 1956లో ఏడవ సవరణచే మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. ఆలోచనకు మూలబలము మాతృభాష. తెలుగున స్పష్టముగా ఆలోచించువాడు ఏ భాషలోనైనను నేడో రేపో స్పష్టముగా చెప్పగలడు. ఆలోచనయే మసకగా నున్నవానికి ఏ భాషయు తోడుపడదు.

కాని మాతృభాషాభిమానము ఇతరభాషలు నేర్వకుండుటకు సాకు కారాదు. 1963 నాటి చట్టముచే మన రాష్ట్రమునకు కన్నడము రాజభాష. మనము నివసించు నేల భాష అది. తెలుగు కన్నడ లిపులు ఒకే మూలమునుండి వచ్చినవి; సగము అక్షరములు చూడగనే గుర్తుపట్టవచ్చును. మన పిల్లలు సంతలో కన్నడము చక్కగా మాటలాడుదురు, కాగితముపై వ్రాయుటకు మాత్రమే జంకుదురు. దినమునకు అయిదు వాక్యములు వ్రాసి, తెలిసినవారిచేత దిద్దించుకొనినచో ఆ జంకు తొలగును. ఇంగ్లీషునకును ఇదియే మార్గము. ఉచ్చారణలో మన ఊరి యాస వినబడుట దోషము కాదు. చెప్పదలచినది ఎదుటివానికి అర్థము కాకుండుటయే దోషము. సభకు పోవుటకు ముందు, అక్కడ చెప్పదలచిన మూడు వాక్యములను కాగితముపై వ్రాసికొని పోవుడు. అనువాదమునకు పట్టు కాలము అక్కడ మిగులును.

8. అతివిశ్వాసము

ఆత్మవిశ్వాసమును గూర్చి చెప్పువారు దాని హద్దును కూడ చెప్పవలెను. 1999లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనువారు విద్యార్థులకు తర్కము, వ్యాకరణము మొదలగువానిలో పరీక్షలు పెట్టి, తమ స్థానమును తామే ఊహింపుమనిరి. నూరుగురిని వరుసగా నిలిపినచో క్రిందినుండి 12వ చోట నిలువదగినవారు, తాము 62వ చోట నున్నామని తలచిరి. తెలియనివానికి తన తెలియమియు తెలియదు.

కనుక "నాకిది తెలియదు, చెప్పండి" అనుట ఆత్మవిశ్వాసమునకు విరుద్ధము కాదు. దాని గుర్తులలో నొకటి. అడిగినదానిని వ్రాసికొని, రెండవమారు అడుగనక్కర లేకుండ చేసికొనువానిని ఏ అధికారియు చులకన చేయడు. తెలియక తెలిసినట్లు తల యూచి, పని చెడిన పిమ్మట దాచువానిని నమ్మరు.

9. ఎవరెవరి బాధ్యత

యువకులకే అన్ని ఉపదేశములు చేసి ఊరకుండుట న్యాయము కాదు. మొక్క ఎండినప్పుడు మొక్కను మాత్రమే తిట్టిన రైతు లేడు.

అధికారులు క్రొత్తవారికి స్పష్టమైన చిన్నపనిని మొదట ఇయ్యవలెను. ఎప్పటికి, ఎట్లు ముగింపవలెనో చెప్పవలెను. ముగించిన పిమ్మట కొంచెము పెద్దదానిని ఇయ్యవలెను. తల్లిదండ్రులు "జీతమెంత?" అని అడుగుటతో తృప్తిపడక, "ఈ వారము ఏమి నేర్చినావు నాయనా?" అని అడుగవలెను. పొరుగింటివానితో పోల్చుట మానవలెను.

ఇక మా పాఠశాలల విషయము. పదేండ్లు పిల్లవానిని నోరు మూసికొని కూర్చుండుమని, పదునొకండవ యేట "ధైర్యముగా మాటలాడు" అనుట మా వృత్తిలోని పెద్ద తప్పు. ఆ యువకుడు వేదిక దిగిపోయిన సంవత్సరమునుండి మా పాఠశాలలో ఉదయప్రార్థనను వంతుల వారిగా ప్రతి విద్యార్థియు నడుపుచున్నాడు. మార్కులు వచ్చువాడు, రానివాడు అను భేదము లేదు. ఒకరోజు వార్తను తెలుగునను, మరునాడు కన్నడమునను, ఆ మరునాడు ఇంగ్లీషునను చదువుదురు. తప్పు చదివినచో నవ్వరాదని నియమము. వార్షికోత్సవపు జమాఖర్చులను పై తరగతి విద్యార్థులే వ్రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించుచున్నారు.

10. ముగింపు

ఆ యువకుని సంగతి తెలిసికొనవలెనని పాఠకులకు కుతూహలముండును. ఆనాడు మేము చెప్పిన ధైర్యవచనము వాని కుపయోగపడలేదు. కాని వెళ్ళునప్పుడు ఆ కాగితమును మా బల్లపై పెట్టి, "మీ దగ్గరే ఉంచండి సార్, మూడు నెలల తరువాత వచ్చి తీసుకొంటాను" అనెను. ఆ మూడు మాసములలో అతడు తనకు తానే ఒక నియమము పెట్టుకొనెను. ప్రతి సభలో ఒక్క వాక్యము, ఒక్కటే, మాటలాడవలెను. మొదటి వాక్యము "నేను ఈ పని ముగించాను" అనునది. అది నిజము గనుక చెప్పుట సులభమైనదని పిమ్మట మాతో చెప్పెను. తరువాత ఆ పనిని ఎట్లు చేసితివని అడిగిరి. బదులు చెప్పవలసి వచ్చెను, చెప్పెను.

అతడు గొప్పవక్త కాలేదు. ఇప్పటికిని లేచినప్పుడు చేతులు వణకుననును. కాని క్రొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పు బాధ్యత అతని కప్పగింపబడినది. వారిలో నొకడు ఏమియు మాటలాడడని, వానిని ఒంటరిగా విడువక భోజనమునకు వెంట తీసికొనిపోవుచున్నానని గత సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పెను. ఆ రాజీనామాపత్రము ఇంకను మా బల్ల సొరుగులో నున్నది. అతడు అడుగలేదు, మేము ఇయ్యలేదు.

పట్టము విశ్వవిద్యాలయము ఇచ్చును. ఉద్యోగము కంపెనీయో, ప్రభుత్వమో ఇచ్చును. ఆత్మవిశ్వాసమును మాత్రము ఎవరును ఒక్కదినమున ఇయ్యలేరు. అది ముగించిన పనులనుండి కొంచెము కొంచెముగా ఊరును. పెద్దలమైన మేము చేయదగినది ఆ ఊటకు అడ్డుపడకుండుట; వీలైనచో కొంత పూడిక తీయుట. మా పూర్వవిద్యార్థులందరును తమ తమ పనులలో స్థిరముగా నిలిచి, తమ వెనుక వచ్చువారికి చేయూతనిత్తురు గాక యని ఆశించుచున్నాము.

అభ్యాసము

1. మీకు బాగుగా వచ్చిన పని యొకటి, జంకు కలిగించు పని యొకటి వ్రాయుడు. రెండింటికిని భేదమెందువలన కలిగినదో ఆలోచింపుడు.

2. ఈ వారము పూర్తిగా ముగించిన మూడు పనులను, వానివలన నేర్చినదానిని వ్రాయుడు.

3. మీ యూరిలో ఉద్యోగము చేయువారి నొకరిని కలిసికొని, వారి మొదటి దినముల తడబాటును గూర్చి అడిగి, పది వాక్యములలో వ్రాయుడు.

4. ఒకే విషయమును తెలుగున, కన్నడమున, ఇంగ్లీషున మూడేసి వాక్యములలో చెప్పుటకు సిద్ధపడి, ప్రార్థనాసమయమున చెప్పుడు.

5. ఇతరుల తప్పును మీరు నలుగురిలో ఎత్తిచూపిన సందర్భము కలదా? దానిని వేరు విధముగా ఎట్లు చెప్పియుండవచ్చును?